పైలట్ లైసెన్సుల ఎంపిక: అండమాన్ నికోబార్ దీవుల సందర్భం

విమానం నడపడం నేర్చుకోదలచినవారు ఫ్లయింగ్ స్కూలు వెతకడానికి ముందే ఏ లైసెన్సు కోసం నేర్చుకోవాలో తేల్చుకోవాలి. భారతదేశంలో విమానాలకు స్టూడెంట్ పైలట్ లైసెన్సు, ప్రైవేట్ పైలట్ లైసెన్సు, కమర్షియల్ పైలట్ లైసెన్సు, ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు ఉన్నాయి. వాడుకలో ఇవి ఎస్‌పీఎల్, పీపీఎల్, సీపీఎల్, ఏటీపీఎల్. హెలికాప్టర్లకు దాదాపు ఇదే వరుసలో వేరే లైసెన్సులున్నాయి. గ్లైడర్లకు, మైక్రోలైట్లకు మళ్లీ వేరు. డ్రోన్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. ఇవన్నీ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, అజమాయిషీలో ఉంటాయి. లైసెన్సుల నిబంధనలు 1937 నాటి విమాన నియమావళిలో రూపుదిద్దుకున్నాయి. ఆ నియమావళికి ఆధారమైన 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

నిబంధనలు దేశమంతటా ఒకటే అయినా ఎంపిక మాత్రం మనిషి ఉన్న చోటును బట్టి మారుతుంది. హైదరాబాద్ కుర్రాడు ఆదివారం పొద్దున బేగంపేట వెళ్లి ఫ్లయింగ్ స్కూలు చూసి రావచ్చు. పోర్ట్ బ్లెయిర్ అమ్మాయికి ఆ వీలు లేదు. అండమాన్ నికోబార్ దీవుల్లో పైలట్ శిక్షణ సంస్థ ఒక్కటీ లేదు. ఏ లైసెన్సు అయినా సముద్రం దాటి, అక్కడివారు మెయిన్‌ల్యాండ్ అనే చోటికి పోయి తెచ్చుకోవలసిందే. కాబట్టి అక్కడ పొరపాటు ఎంపికకు పడే మూల్యం ఎక్కువ. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. వారిలో నూటికి పదమూడు మందికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. అంటే ఈ విషయం తెలుగువారికి దూరపుదేమీ కాదు.

దీవుల మీది ఆకాశం

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది. అక్కడి వీర్ సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయమే దీవులకు ప్రధాన ద్వారం. చెన్నై నుంచి సుమారు 1,190 కిలోమీటర్లు, విశాఖ నుంచి 1,200, కోల్‌కతా నుంచి 1,255. ఓడలో రెండు మూడు రోజులు పట్టే దారి, విమానంలో రెండు గంటల పైచిలుకు. శంఖాకృతిని తలపించే కొత్త టెర్మినల్‌ను 2023 జులై 18న ప్రారంభించారు. రన్‌వే మాత్రం నౌకాదళానిది. దాన్ని పౌర విమానాలు ఐఎన్‌ఎస్ ఉత్క్రోశ్ అనే నౌకాదళ వైమానిక స్థావరంతో పంచుకుంటాయి. ఒక కొస వైపు ఎత్తైన నేల ఉండడంతో విమానాలు సాధారణంగా ఒకే వైపు నుంచి వచ్చి దిగుతాయి, తిరిగి అదే వైపుకు లేచి వెళ్తాయి. గాలి వీపు వైపు నుంచి వీచే రోజున దిగడం ఎంత కష్టమో పైలట్లకు తెలుసు. వాతావరణం చెడి దిగలేకపోతే పక్క ఊళ్లో దిగుదామనుకోవడానికి పక్క ఊరు ఉండదు. అందుకే ఇక్కడికి వచ్చే విమానాలు వెనుతిరిగి పోవడానికి కూడా లెక్క చూసుకుని ఇంధనం నింపుకుని బయల్దేరతాయి.

ఇక దీవుల లోపలి ప్రయాణం పూర్తిగా వేరే కథ. ఉత్తరాన లాండ్‌ఫాల్ ద్వీపం నుంచి దక్షిణాన ఇందిరా పాయింట్ దాకా దీవుల వరుస సుమారు 800 కిలోమీటర్లు. కార్ నికోబార్‌లో వైమానిక దళ స్థావరం ఉంది. గ్రేట్ నికోబార్ లోని కాంప్‌బెల్ బే దగ్గర ఐఎన్‌ఎస్ బాజ్ 2012లో ప్రారంభమైంది. ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ సమీపాన శిబ్‌పూర్ దగ్గర ఐఎన్‌ఎస్ కోహాసా 2019లో వచ్చింది. ఇవన్నీ సైనిక రన్‌వేలే. దీవుల మధ్య పౌరులను గాలిలో చేరవేసే పని ఏళ్ల తరబడి ప్రధానంగా ప్రభుత్వ రంగ సంస్థ పవన్ హంస్ హెలికాప్టర్లది. హట్ బే, కార్ నికోబార్, కమోర్టా, కాంప్‌బెల్ బే, రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్, స్వరాజ్ ద్వీప్‌ల మధ్య అవి తిరిగాయి. రోగులను పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తెచ్చేవీ అవే. 2004 డిసెంబరు 26 సునామీ కార్ నికోబార్ వైమానిక స్థావరాన్ని తుడిచిపెట్టిన రోజున, ఇంకా ఎగరగలిగిన హెలికాప్టర్లే వరదనీటిలో చిక్కిన మనుషులను పైకి లాగాయి.

అందుకే దీవుల్లో పెరిగిన పిల్లల కళ్లకు పైలట్ అంటే రెండు బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చే ఎయిర్‌బస్. రెండోది తమ ఊరి హెలిప్యాడ్ మీద దిగే హెలికాప్టర్. ఆ రెంటికీ దారులు మొదటి మెట్టు నుంచే విడిపోతాయి. ఏదో ఒకటి మొదలుపెడదాం, తర్వాత చూసుకుందాం అనుకుంటే కుదరని విద్య ఇది.

అన్నిటికన్నా ముందు వైద్య పరీక్ష

పైలట్ కావాలనుకున్న కుటుంబాలు చాలావరకు ముందు ఫీజు కట్టి, తర్వాత వైద్య పరీక్షకు వెళ్తాయి. ఇది తలకిందుల వరుస. డీజీసీఏ గుర్తించిన వైద్యుడి దగ్గర క్లాస్ 2 పరీక్ష మొదటిది. ఎస్‌పీఎల్, పీపీఎల్‌లకు ఇది చాలు. సీపీఎల్‌కు క్లాస్ 1 కావాలి. దీన్ని బెంగళూరులోని వైమానిక దళ వైద్య సంస్థ ఐఏఎం, దిల్లీలోని ఏఎఫ్‌సీఎంఈ వంటి ఆమోదిత కేంద్రాల్లోనే చేస్తారు. చూపు, రంగులు గుర్తుపట్టడం, వినికిడి, గుండె, రక్తం, ఊపిరితిత్తులు అన్నీ చూస్తారు. కళ్లద్దాలు పెట్టుకోవడం అనర్హత కాదు. అద్దాలతో సరైన చూపు వస్తే చాలు. రంగులు సరిగా గుర్తుపట్టలేని లోపం మాత్రం చాలామందికి ఆ గదిలో కూర్చున్నాకే బయటపడుతుంది. వృత్తి పైలట్లు నలభై ఏళ్ల లోపు ఏడాదికోసారి క్లాస్ 1 పరీక్షను నెగ్గుతూ ఉండాలి.

దీవుల నుంచి వచ్చేవారు మెయిన్‌ల్యాండ్‌కు చేసే మొదటి ప్రయాణాన్ని ఈ క్లాస్ 1 పరీక్షకే కేటాయించడం ఉత్తమం. క్లాస్ 2 మాత్రమే వచ్చి క్లాస్ 1 రాకపోతే పీపీఎల్, మైక్రోలైట్, డ్రోన్ దారులు తెరిచే ఉంటాయి. లక్షలు ఖర్చయ్యాక ఆ సంగతి తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

ఎస్‌పీఎల్, పీపీఎల్

ఎస్‌పీఎల్ పదహారేళ్లకే తీసుకోవచ్చు, పదో తరగతి చదువు చాలు. ఇది నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. శిక్షకుడి అనుమతి, పర్యవేక్షణ ఉంటేనే ఒంటరిగా ఎగరవచ్చు, ప్రయాణికుణ్ణి ఎక్కించుకోకూడదు.

పీపీఎల్‌కు పదిహేడేళ్లు నిండాలి. కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో 10 గంటలు సోలో, అంటే ఒంటరిగా; ఆ సోలోలో 5 గంటలు ఒక ఊరి నుంచి మరో ఊరికి సాగే క్రాస్‌కంట్రీ. ఆ క్రాస్‌కంట్రీల్లో కనీసం ఒకటి 150 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి ఆగాలి. 150 నాటికల్ మైళ్లంటే 278 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ నుంచి కార్ నికోబార్‌కు గీత గీస్తే దాదాపు అంతే దూరం. అండమాన్, నికోబార్‌ల మధ్య ఉన్న టెన్ డిగ్రీ చానల్‌ను ఓడలో దాటినవారికి ఆ దూరమెంతో వేరే చెప్పక్కర్లేదు. శిక్షణ విమానంలో పద్దెనిమిదేళ్లైనా నిండని విద్యార్థి ఆ దూరాన్ని, నేల మీదుగానే అయినా, ఒంటరిగా లెక్క కట్టి ఎగరాలి.

పీపీఎల్ ఉన్నవారు డబ్బు తీసుకుని విమానం నడపకూడదు. సొంత సంతోషానికి, సొంత పనులకు మాత్రమే ఎగరవచ్చు. భారతదేశంలో తొలి పైలట్ లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటాకు దక్కింది. 1936లో తొలి తరం మహిళా పైలట్ సరళా ఠక్రాల్ లైసెన్సు పొందారు. ఆ రోజుల్లో ఎగరడం చాలావరకు ఇలాంటి ఇష్టంతో నడిచిన విద్యే. ఇప్పటికీ ఆ ఇష్టం గౌరవించదగినదే.

అయితే దీవుల వాసికి పీపీఎల్ విషయంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. లైసెన్సు సంపాదించడం ఒక ఎత్తు, చేతికి అలవాటు తప్పకుండా ఉంచుకోవడం మరో ఎత్తు. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో కొన్నిసార్లు లేచి దిగిన అనుభవం లాగ్‌బుక్‌లో ఉండాలి. పోర్ట్ బ్లెయిర్‌లో ఫ్లయింగ్ క్లబ్ లేదు, అద్దెకు దొరికే చిన్న విమానం లేదు, రన్‌వే సైన్యానిది. కాబట్టి లైసెన్సు ఊపిరి నిలవాలంటే మూడు నెలలకోసారి హైదరాబాద్‌కో మరో చోటికో వెళ్లి ఎగరాలి. దీవుల్లోనే నివాసం ఉంటూ వినోదం కోసం పీపీఎల్ తీసుకోదలచినవారు ఈ ప్రయాణ ఖర్చును శిక్షణ ఖర్చుతో సమానంగా లెక్కలోకి తీసుకోవాలి.

ఎయిర్‌లైన్ ఉద్యోగమే గమ్యమని తేల్చుకున్నవారు పీపీఎల్‌ను మధ్యలో విడిగా తీసుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఎస్‌పీఎల్ మీద ఎగిరిన గంటలు ఎలాగూ సీపీఎల్‌కు జమ అవుతాయి. ఈ బతుకు తనకు నచ్చుతుందా అని తేల్చుకోలేనివారికి మాత్రం పీపీఎల్ మంచి ఆగుడు చోటు. నచ్చకపోతే అక్కడితో ఆపవచ్చు. పెట్టిన డబ్బు సీపీఎల్‌కయ్యే దానిలో చిన్న వంతే, చేతిలో లైసెన్సూ మిగులుతుంది.

సీపీఎల్, ఏటీపీఎల్

జీతానికి విమానం నడపాలంటే సీపీఎల్ కావాలి. పద్దెనిమిదేళ్ల వయసు, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో పన్నెండో తరగతి ప్రధాన అర్హతలు. ఆర్ట్స్, కామర్స్ చదివినవారు ఓపెన్ స్కూల్ ద్వారా ఆ రెండు సబ్జెక్టులు పూర్తిచేసి రావడం వాడుకలో ఉంది. ఈ షరతు తీసేయాలన్న ఆలోచన 2025లో డీజీసీఏ స్థాయిలో చర్చకు వచ్చింది. ఎగరవలసిన గంటలు మొత్తం 200. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమాన బాధ్యత అంతా తానే వహించి ఎగరాలి. వాటిలో 15 గంటలు చివరి ఆరు నెలల్లోవి కావాలి. క్రాస్‌కంట్రీ 20 గంటలు, పరికరాల ఆధారంగా ఎగరడం 10 గంటలు, రాత్రి పూట 5 గంటలు. సుదీర్ఘ క్రాస్‌కంట్రీ 300 నాటికల్ మైళ్లు, అంటే 556 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ నుంచి కాంప్‌బెల్ బే దాకా నేరుగా కొలిస్తే ఇంతకన్నా కాస్త తక్కువే.

రాత పరీక్షలు ఎయిర్ నేవిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఉత్తీర్ణతకు నూటికి 70 రావాలి. ఇవి కాక రేడియో టెలిఫోనీ పరీక్ష. వీటిలో మెటియరాలజీ అంటే చాలామంది భయపడతారు. దీవుల విద్యార్థికి ఆ పాఠాలు సగం బతుకులోనే ఉంటాయి. మే నుంచి నైరుతి, అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు, ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన, చూస్తుండగా పైకి లేచే క్యుములోనింబస్ మేఘాలు, అన్నీ పెరటి విషయాలే. 2014 అక్టోబరు 8న అండమాన్ దీవులను దాటిన హుద్‌హుద్ తుపానే నాలుగు రోజుల తర్వాత, 12న విశాఖపట్నం మీద విరుచుకుపడింది. అండమాన్ సముద్రంలో పుట్టిన అల్పపీడనం కోస్తాంధ్రకు ఎలా చేరుతుందో ఆ ఒక్క తుపానును చదివితే బాగా అర్థమవుతుంది.

సీపీఎల్ చేతికొచ్చాక 5,700 కిలోలకు మించని విమానానికి కమాండర్‌గా, అంతకన్నా పెద్ద విమానాల్లో కో-పైలట్‌గా పనిచేయవచ్చు. పెద్ద విమానం నడపాలంటే దానికి సంబంధించిన టైప్ రేటింగ్ తప్పనిసరి. మేఘాల్లో పరికరాల సాయంతో ఎగరడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, రెండు ఇంజిన్ల విమానాలకు మల్టీ ఇంజిన్ రేటింగ్, నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. ఇవి లైసెన్సు మీద అదనంగా ఎక్కే అర్హతలు. ఎయిర్‌లైన్ ఉద్యోగానికి మొదటి రెండూ లేకుండా దరఖాస్తు పెట్టడం వృథా శ్రమ.

ఏటీపీఎల్‌ను మొదటే ఎంచుకుని చేరే కోర్సు అంటూ లేదు. 21 ఏళ్లు నిండి, 1,500 గంటల అనుభవం వచ్చాక కో-పైలట్లు ఆ పరీక్షలు రాసి కెప్టెన్ అర్హత సంపాదిస్తారు. సీపీఎల్, ఏటీపీఎల్‌ల చెల్లుబాటును 2023 అక్టోబరులో ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. 2025 ఫిబ్రవరిలో శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సును ప్రారంభించారు. అప్పటి నుంచి ఫోనులో చూపించే డిజిటల్ రూపం వచ్చింది.

ఎక్కడ నేర్చుకోవాలి

దీవుల తెలుగు విద్యార్థులకు భాష, బంధువులు, నేరుగా విమానం ఉన్న చోటు హైదరాబాద్. బేగంపేటకు విమానయాన చరిత్రలో పెద్ద పేరు ఉంది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ ఇక్కడి నుంచి నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనే ఉద్యోగం సంపాదించారు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక కూడా బేగంపేటలో శిక్షణ కొనసాగింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా ఉన్న సంస్థ తర్వాత తెలంగాణ ఏవియేషన్ అకాడమీ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో కడప విమానాశ్రయాన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో ఫ్లయింగ్ స్కూళ్లకు ఎంపిక చేసిన విమానాశ్రయాల జాబితాలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉత్తర్‌ప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉంది. అక్కడ ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటారు. ఎయిరిండియా తలపెట్టిన పెద్ద శిక్షణ కేంద్రం మహారాష్ట్ర అమరావతిలోనిది, మన అమరావతిలోనిది కాదు. ఈ పేరు చూసి పొరబడినవారు ఉన్నారు.

స్కూలును ఎంచుకునేటప్పుడు ఎన్ని విమానాలున్నాయి అన్న ప్రశ్న కంటే, అందులో రోజూ ఎన్ని ఎగురుతున్నాయి, ఒక్కో విద్యార్థికి నెలకు సగటున ఎన్ని గంటలు దొరుకుతున్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు అన్నవి అడగాలి. విమానం మరమ్మతుకు పోయి, శిక్షకుడు లేక, వాన పడి నెలల తరబడి నేల మీదే కూర్చున్న విద్యార్థులకు హాస్టల్ అద్దె, తిండి ఖర్చు పెరుగుతూనే ఉంటాయి. దగ్గర ఊరివాడైతే ఇంటికి పోయి రావచ్చు. అండమాన్ నుంచి వచ్చినవారికి అది కూడా కుదరదు. డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి జాబితాలో ఏ ప్లస్, ఏ తరగతులు ఒక్క స్కూలుకూ దక్కలేదు. చేరేముందు ఆ జాబితా చూడడం తల్లిదండ్రుల కనీస జాగ్రత్త.

అమెరికాలో నేర్చుకుని వచ్చేవారూ ఎందరో ఉన్నారు. అక్కడి సాధారణ కోర్సులో కమర్షియల్ లైసెన్సుకు 250 గంటలు కావాలి. శిక్షణ వేగంగా సాగుతుంది. కానీ విదేశీ లైసెన్సుతో నేరుగా మన దేశంలో ఉద్యోగం చేయలేరు. డీజీసీఏ పరీక్షలు రాసి, ఇక్కడి చెక్ ఫ్లైట్లు ఇచ్చి లైసెన్సు మార్పించుకోవాలి. వెళ్లేముందే డీజీసీఏ రాత పరీక్షలు పూర్తిచేసుకున్నవారికి తిరిగొచ్చాక ఆలస్యం తగ్గుతుంది.

ఖర్చు గురించి దాపరికం లేకుండా చెప్పుకోవాలి. సీపీఎల్‌కు అర కోటి రూపాయల ప్రాంతంలో అవుతుంది. టైప్ రేటింగ్ సొంతంగా చేసుకుంటే మరికొన్ని లక్షలు. డీజీసీఏ 2023లో 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. లైసెన్సు వచ్చిన ప్రతివారికీ అదే ఏడు ఉద్యోగం దొరకదు. ఎయిర్‌లైన్ల క్యాడెట్ పథకాల్లో ఖర్చు ఎక్కువైనా, ఎంపిక ముందే జరిగిపోతుంది కాబట్టి నిరీక్షణ తగ్గుతుంది. ఇల్లో, దుకాణమో తాకట్టు పెట్టి అప్పు తీసుకునే కుటుంబం, ఉద్యోగం రాక ముందు కట్టవలసిన ఏడాది రెండేళ్ల వాయిదాలను కూడా ఆ అప్పులోనే కలిపి చూసుకోవాలి.

హెలికాప్టర్ దారి

దీవులకు నిజంగా కావలసింది హెలికాప్టర్ పైలట్లు. అయినా ఒక పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఈ దారిని మొదటిదిగా సిఫార్సు చేయడం కష్టం. హెలికాప్టర్ సీపీఎల్‌కు కావలసిన గంటలు 150 మాత్రమే, విమానం కన్నా తక్కువ. కానీ ఒక్కో గంట ఖరీదు విమానం గంట కంటే చాలా ఎక్కువ. పౌర శిక్షణ ఇచ్చే చోట్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతే. బెంగళూరులో హెచ్‌ఏఎల్ రోటరీ వింగ్ అకాడమీ వాటిలో చెప్పుకోదగినది. ఉద్యోగాలు కూడా కొద్ది సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఆ సంస్థలు సైన్యం నుంచి వేల గంటల అనుభవంతో వచ్చే పైలట్లకే మొగ్గు చూపుతాయి.

అందుకు కారణం ఉంది. అండమాన్‌లో వాడిన డాఫిన్ వంటి జంట ఇంజిన్ల హెలికాప్టర్‌ను నీటి మీదుగా గంటసేపు నడిపి, వాన తెరల మధ్య చిన్న హెలిప్యాడ్ మీద దించడం 150 గంటల అనుభవంతో అయ్యే పని కాదు. దిగేచోట సాయం చేసే పరికరాలు తక్కువ. కింద సముద్రం, పక్కన అడవి. కమాండర్ సీటుకు చేరే ముందు పక్క సీటులో ఏళ్లు గడపాలి. కొత్తగా లైసెన్సు తీసుకున్న పౌర పైలట్‌కు ఆ పక్క సీటు దొరకడమే దుర్లభం. ఈ పరిస్థితి మారాలంటే, దీవుల్లో సర్వీసులు నడిపే సంస్థలతో చేసుకునే ఒప్పందాల్లోనే స్థానిక యువతకు కో-పైలట్ స్థానాలు కొన్ని కేటాయించే షరతు ఉండాలి. తమ దీవి గాలిని, వానను పుట్టినప్పటి నుంచి ఎరిగిన పిల్లలు ఆ సీటులో కూర్చోవడం న్యాయం.

హెలికాప్టర్ మీదే మనసున్నవారికి సొంత డబ్బు కరిగించకుండా దొరికే దారి సైన్యం. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ), వైమానిక దళ ఉమ్మడి ప్రవేశ పరీక్ష (ఏఎఫ్‌క్యాట్) ద్వారా వైమానిక దళంలోనూ, నౌకాదళం, కోస్ట్ గార్డ్‌ల సొంత నియామకాల ద్వారానూ పైలట్ శిక్షణ పూర్తి జీతంతో దొరుకుతుంది. మొదటి త్రివిధ దళ ఉమ్మడి కమాండ్ 2001లో ఏర్పడింది అండమాన్ నికోబార్‌లోనే. ఉత్క్రోశ్ నుంచి ఎగిరే డోర్నియర్లను, హెలికాప్టర్లను చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ దారి కొత్తది కాదు. ఎన్‌డీఏలో 2022 నుంచి అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. నౌకాదళ తొలి మహిళా పైలట్ శివాంగి 2019లో డోర్నియర్ విమానం మీదే అర్హత సాధించారు. అయితే దీన్ని ఉచిత పైలట్ కోర్సుగా చూడడం తగదు. వైమానిక దళ షార్ట్ సర్వీస్ ఫ్లయింగ్ శాఖలో చేరితే పద్నాలుగేళ్లు సేవ చేయాలి. ఏ విమానం, ఏ స్థావరం అన్నది దళం నిర్ణయిస్తుంది. సేవ ముగిశాక ఆ గంటల ఆధారంగా, కొన్ని పరీక్షలు రాసి, పౌర లైసెన్సు తీసుకోవచ్చు.

డ్రోన్లు, మైక్రోలైట్లు

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండి పదో తరగతి పాసైనవారు, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ ముగించి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ పొందవచ్చు. శిక్షణ సాధారణంగా వారం రోజుల్లోపే ముగుస్తుంది. సర్వే, తోటల పర్యవేక్షణ, తీరం కోత కొలవడం వంటి పనులు దీవుల్లో ఎన్నో ఉన్నాయి కాబట్టి తక్కువ పెట్టుబడితో త్వరగా ఆదాయం వచ్చే దారి ఇదే. అయితే విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ముందస్తు అనుమతి లేనిదే డ్రోను లేపకూడదు. పోర్ట్ బ్లెయిర్ పట్టణమంతా ఆ పరిధిలోనే ఉంది. ఆపైన సైనిక స్థావరాలు, ఆదిమ తెగల రిజర్వు ప్రాంతాలు. అనుమతి కాగితం చేతిలో లేకుండా ఇక్కడ డ్రోన్ పని ఒప్పుకోకూడదు.

మైక్రోలైట్ లైసెన్సుకు గంటలు, ఖర్చు తక్కువే కానీ, అలాంటి తేలిక విమానాలు నడిపే క్లబ్బులు దీవుల్లో లేవు.

సీప్లేన్లు

దేశంలో తొలి వాణిజ్య సీప్లేన్ సర్వీసు అండమాన్ కోసమే మొదలైంది. పవన్ హంస్, అండమాన్ పాలనా యంత్రాంగం కలిసి తెచ్చిన జల్ హంస్‌ను 2010 డిసెంబరు 30న ముంబయి జుహులో ప్రారంభించారు. నేల మీదా నీటి మీదా దిగగల సెస్నా 208 విమానం పోర్ట్ బ్లెయిర్ నుంచి అప్పటి హేవ్‌లాక్, ఇప్పటి స్వరాజ్ ద్వీప్, తదితర చోట్లకు తిరిగింది. కొన్నేళ్లకే సర్వీసు ఆగిపోయింది. తర్వాత ప్రాంతీయ విమాన సర్వీసుల కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకంలో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, హట్ బేలకు వాటర్ ఏరోడ్రోముల ప్రతిపాదన వచ్చింది. గుజరాత్‌లో సబర్మతి, కేవడియాల మధ్య 2020 అక్టోబరు 31న మొదలైన సర్వీసు కూడా ఏడాది తిరక్కుండానే నిలిచింది. 2024 నవంబరు 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రయాణించిన ట్విన్ ఆటర్ సీప్లేన్ ప్రదర్శనను తెలుగువారు కళ్లారా చూశారు.

లైసెన్సు లెక్కలో సీప్లేన్ వేరే ప్రపంచం కాదు. సెస్నా 208 బరువు నాలుగు టన్నుల లోపు, ట్విన్ ఆటర్ గరిష్ఠ బరువు సుమారు 5,670 కిలోలు. రెండూ సీపీఎల్ అనుమతించే 5,700 కిలోల గీతకు ఇవతలే ఉన్నాయి. అంటే విమానపు సీపీఎల్ తీసుకున్నవారు సీప్లేన్ రేటింగ్ చేర్చుకుంటే చాలు. అలలు, ఎదురుగాలి, నీటి మీద తేలే కొయ్య దుంగలు, అద్దంలా నిశ్చలంగా ఉన్న నీటిపై ఎత్తు అంచనా తప్పే ప్రమాదం, ఇవన్నీ విడిగా నేర్చుకోవలసిన పాఠాలు. 2024లో డీజీసీఏ సీప్లేన్ నిబంధనలను సడలించింది. కొత్తగా సీపీఎల్ పొందినవారు కూడా నేరుగా ఈ అర్హతకు వెళ్లే వీలు కలిగింది. ట్విన్ ఆటర్లు పెద్ద సంఖ్యలో తిరిగే మాల్దీవుల్లో ఇది నిలకడైన వృత్తి. మన దీవుల్లో ఇప్పటిదాకా సర్వీసులు మొదలై ఆగిన చరిత్రే ఉంది. కాబట్టి సీప్లేన్ రేటింగ్ మీద డబ్బు పెట్టడం అన్నిటికన్నా చివరి పని. సీపీఎల్, ఇన్‌స్ట్రుమెంట్, మల్టీ ఇంజిన్ రేటింగులు పూర్తయి, దీవుల్లో సర్వీసు నడిపే సంస్థ ఏదైనా నియామకం కాగితం మీద ఖాయం చేశాక, ఆ శిక్షణ ఖర్చు ఎవరు భరిస్తారో మాట్లాడుకుని మొదలుపెట్టవచ్చు.